మబ్బు బొమ్మ మీద మెసేజ్

మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తూనే టీచరమ్మ ఆ రోజు పాఠానికి ఫోన్లో బొమ్మలు సర్దుకుంటోంది. "కాలర్ సరిగ్గా చూడు మొద్దూ! అందరి ముందూ కూర్చోవాల్సినవాణ్ణి," అన్నాడాయన. అవును మరి! పెళ్లాం పాఠం చెప్పే బళ్లోనే కూతురూ పై తరగతి చదువుతోంది. అక్కడి తల్లిదండ్రుల కమిటీకి పెద్ద అయ్యగారే. ఇవాళ ఆ కమిటీ అంతా వచ్చి ఆమె పాఠం చూస్తారు.

ఫోన్లో ఉన్నది గోడ మీద పడేట్టు చేసి పాఠం చెప్పడం ఆ బళ్లో ఆమే మొదలెట్టింది. ఎవరూ నేర్పలేదు. ఇంటెడు చాకిరీ అయ్యాక ఫోనుతో కుస్తీపట్టి నేర్చుకుంది. ఆమె మూడో తరగతి పిల్లలు గోడ మీద ఏం కనపడ్డా గొంతెత్తి చదివేస్తారు. అదే ఓసారి కొంప ముంచింది. ఆవు బొమ్మ మీద ఆయనగారి మెసేజ్ వచ్చి పడింది: "గ్యాస్ కట్టేశావా, బుర్రలేనిదానా?" పిల్లలు రాగం తీసి మరీ చదివారు. సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికొచ్చి చెబితే, "ఉన్నమాటేగా!" అన్నాడు. అత్తగారు పడీపడీ నవ్వింది. అప్పట్నించీ క్లాసుకి ముందు మెసేజ్‌లు గోడ మీద కనపడకుండా ఆపేస్తోంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఇవాళ బళ్లో అడుగుపెట్టగానే పెద్దమేడం ఎదురొచ్చింది. "మిగతా టీచర్లకి ఇదంతా నేర్పే పోస్టు మీకే ఇద్దామనుకున్నాం. ఇంటిపనితో కుదరదు, వద్దన్నారటగా? మీవారే చెప్పారు."

ఒళ్లు మండిపోయింది ఆమెకి. ఏడాదిగా ఆ పోస్టు మీదే ఆశపెట్టుకుంది. అబద్ధమని అక్కడే చెప్పేయొచ్చు. చెబితే, "మా ఆవిడకి మతిమరుపు మేడం, నాతో తనే అంది," అని నవ్వుతూ తేల్చేస్తాడు. ఎన్నిసార్లు చూడలేదు! ఉండు నీ పని చెప్తా, అనుకుంది. క్లాసుకెళ్లి ఫోన్లోది గోడ మీద పడేట్టు చేసింది. మెసేజ్‌లని మాత్రం ఆపలేదు.

పెద్దమేడం, కమిటీవాళ్లూ వచ్చారు. ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు మొగుడు. ఆయనకి వినపడేట్టే అంది, "మేడం, పాఠం అయ్యాక ఆ పోస్టు గురించి మీతో మాట్లాడాలి."

ఆయన మొహం మాడిపోయింది. గబుక్కున జేబులోంచి ఫోను తీసి తలొంచుకున్నాడు. ఆమె వాన ఎలా పడుతుందో చెబుతూ, నవ్వు మొహంతో కాచుకుని నిలబడింది.

మబ్బు బొమ్మ మీద మెసేజ్ పడింది. పిల్లలు ఎత్తుకున్నారు: "పోస్టు నీకొద్దని నేనే చెప్పేశా. మేడం అడిగితే అవునను. వేషాలెయ్యకు మొద్దూ!"

పెద్దమేడం గోడకేసి చూసింది, తర్వాత ఆయనకేసి చూసింది.

"ఆపు! ఆపవే దాన్ని!" అంటూ లేచాడు. మొహమంతా చెమటలు.

"కూర్చోండి. క్లాసు జరుగుతోంది," అంది. ఎంత హాయిగా ఉందో ఆమెకి! పాపం అనిపిస్తుందేమోనని ఓ క్షణం చూసుకుంది. అనిపించలేదు. ఇంకాస్త కావాలనిపించింది.

"మొద్దంటే ఎవరు టీచర్?" అడిగింది ముందు బల్ల పిల్ల.

"చెప్తానుండమ్మా," అని ఫోన్లో జవాబు కొట్టసాగింది. ఒక్కో మాటా గోడ మీద పడుతుంటే పిల్లలు కూడబలుక్కుని చదివారు: "మీరు... చెప్పింది... అబద్ధం. ఆ... పోస్టు... నాకు... కావాలి."

"మళ్లీ చదవండి," అంది టీచరమ్మ. "వెనక వరసదాకా వినపడాలి."