నాలుగు వాక్యాల నోరు

నేను ఒక రక్తపోటు యంత్రాన్ని. అరచేతికన్నా కాస్త పెద్ద పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర చేతికి చుట్టే పట్టీ. నాలాంటివి మందుల షాపుల్లో బోలెడుంటాయి. వాటికి నోరు లేదు, నాకుంది. ఆ నోట్లో నాలుగే వాక్యాలున్నాయి. వాటిలో ఒకే ఒక్క మాట ఒక ఇంటిని ముంచేసింది. ఆ మాట నేను ఎంచుకున్నది కాదు. కానీ పలికింది నేనే.

నేను పుట్టింది ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో. కొండవాలు పల్లెల ఆరోగ్యం బాగుచేయాలని వాళ్లు 'ఊరి నాడి' అనే ప్రాజెక్టు పెట్టారు. నన్ను బిగించిన ఇంజనీరు పేరు హరిణి. మొదట తన గొంతుతోనే నాకు మాటలు నేర్పింది. "బీపీ ఎక్కువుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి." ఎంత తేలిక మాటలు! ఆ రెండు వాక్యాలూ నా దగ్గర సరిగ్గా మూడు రోజులున్నాయి.

నాలుగో రోజు ప్రాజెక్టు పెద్ద, ఆచార్య విశ్వంభరం గారు వచ్చి విన్నారు.

"ఎక్కువుంది ఏంటమ్మా? పులుసులో ఉప్పా?" అన్నారు. "పైగా ఆసుపత్రికి వెళ్లమనడానికి మనమెవరం? అది వైద్యం కిందికొస్తుంది. మనది పరిశోధన."

"మరి ఏమనాలి సార్?"

"సాధారణం, అసాధారణం. ఏ పండితుడూ తప్పు పట్టలేడు."

"పల్లెల్లో అర్థమవుతుందంటారా?"

"తెలుగే కదమ్మా!"

అంతటితో ఆగలేదు. అంకెలు కనబడితే జనం కంగారు పడతారని నా తెర మీద ప్రాజెక్టు బొమ్మ అతికించారు. అంకెలు నా కడుపులోనే ఉండి, నెలకోసారి విశ్వవిద్యాలయం కంప్యూటర్లోకి దిగుతాయి. బయటికి వచ్చేది మాట ఒక్కటే.

ఆ మాట పలకడానికి రాజ్యలక్ష్మి గారిని పిలిచారు. విశ్వవిద్యాలయంలో ఏ సన్మానం జరిగినా మైకు ఆవిడదే. ముప్పై ఏళ్లుగా శాలువా కప్పే ప్రతిసారీ "అసాధారణ ప్రతిభాశాలి" అనడం ఆవిడకు అలవాటు. చేతికి కాగితం ఇచ్చారు. చదివారు. "మీ రక్తపోటు... అసాధారణం!" ఆ చివరి మాట దగ్గర గొంతు దానంతటదే పైకి లేచి, కాస్త సాగి, తీయగా వాలింది. గదిలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టబోయి ఆగారు. హరిణి ఒక్కతే తల దించుకుని నా స్క్రూలు బిగించింది.

అలా నాలుగు వాక్యాలతో నేను జీడివలస చేరాను. మీ రక్తపోటు సాధారణం. మీ రక్తపోటు అసాధారణం. చేయి కదపకండి. దయచేసి మళ్లీ ప్రయత్నించండి.

నన్ను మోసింది సన్యాసమ్మ, ఆ ఊరి ఆశా కార్యకర్త. పద్దెనిమిదేళ్లుగా ఆ ఊళ్లో గర్భిణుల మంచిచెడ్డలు చూస్తున్న మనిషి. ఐరన్ మాత్రల పక్కన, గుడ్డసంచిలో నా చోటు. నేను రాకముందు ఆవిడ యంత్రం ఆవిడ బొటనవేలే. గర్భిణి కాలి ఎముక మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి తీసేది. సొట్ట వెంటనే పూడితే నవ్వేది. పూడకపోతే ఆటో కోసం ఫోను తీసేది. నా గురించి ఆవిడకు ఇచ్చిన శిక్షణ ఒక పూట. "బటన్ నొక్కండి, అదే చెబుతుంది" అన్నారు.

మొదటి గురువారం పోలమ్మ ఇంటి అరుగు మీద ఎనిమిది మంది ఆడవాళ్లు చేతులు చాపారు. ఏడుగురికి సాధారణం అన్నాను. ఎనిమిదో చేయి పోలమ్మ కోడలు గౌరిది. ఇరవై రెండేళ్లు, ఆరో నెల, తొలి కాన్పు. పట్టీ బిగిసింది. లోపల అంకె వంద దాటింది, నూట నలభై దాటింది, నూట యాభై రెండు దగ్గర ఆగింది. నా దగ్గర దానికి ఒకే మాట ఉంది. అన్నాను.

అరుగు మీది తలలన్నీ గౌరి వైపు తిరిగాయి. తర్వాత పోలమ్మ మొహం వెలిగిపోయింది.

"సూసేరా! మా కోడలిది అసాదారనవంట!"

"మరి మాదేటి, ఉత్త సాదారనవేనా?" అంది పక్కింటి అప్పయ్యమ్మ మూతి తిప్పుతూ.

"తిండి అలగెడతన్నాను మరి. మీ కోడళ్లకి గంజే కదేటి!"

అప్పయ్యమ్మకు రోషం వచ్చింది. ఆ రోజే నీళ్లబిందెతో ఏటవాలు ఎక్కి, రొప్పుతూ వచ్చి చేయి చాపింది. అసాధారణం అనక తప్పలేదు. వీధంతా చెప్పుకుంది. మనుషులు విచిత్రమైనవాళ్లు. తమ రక్తం లోపల ఎలా పారుతోందో తెలియదు గానీ, అందులోనూ పక్కింటివాళ్ల కంటే ముందుండాలి.

సన్యాసమ్మ నవ్వలేదు. గౌరి కాలి మీద బొటనవేలు నొక్కింది. సొట్ట పడింది. ఆవిడ లెక్కపెట్టింది. పది దాకా పూడలేదు.

"ఒదినా, పిల్లని ఒకపాలి టౌను ఆస్పత్రికి తీసుకెల్దుము. కాళ్లు నీరెక్కినాయి."

"ఎందుకే? నీ మిసనే మెచ్చుకుంది కదా!" అంది పోలమ్మ. "నీ బొటనేలికన్నా యూనివర్సిటీ తక్కువేటి?"

సన్యాసమ్మ పట్టీ విప్పి చుట్టేసింది. ఆ మాటకు జవాబు నా దగ్గర ఉంది. నూట యాభై రెండు. పొట్టలో పెట్టుకుని సంచిలో కూర్చున్నాను.

నెలాఖరుకు మండల కేంద్రంలో సమీక్ష. అన్ని ఊళ్ల యంత్రాలనూ బల్ల మీద వరుసగా పెట్టారు. అంకెలు కంప్యూటర్లోకి దిగాయి. గౌరివి మూడు వారాల అంకెలు, ఒకదాన్ని మించి ఒకటి. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు తల గోక్కున్నాడు.

"సార్, జీడివలసలో ఇరవై రెండేళ్లమ్మాయికి నూట అరవై ఎనిమిదట. అదే ఊళ్లో ఇంకొకావిడకి ఒక్కసారి నూట డెబ్బై, వారం తిరక్కుండానే నూట ఇరవై. గ్రాఫు పాడైపోతోంది."

"పట్టీ సరిగ్గా చుట్టి ఉండరు. ఆ ఊరి అసాధారణ విలువలు తీసేయండి," అన్నారు విశ్వంభరం గారు.

తీసేశారు. అప్పయ్యమ్మ రోషాన్నీ గౌరి రక్తాన్నీ ఒకే మీటతో. పల్లెలో ఆ మాటకు అర్థం గొప్ప. ఇక్కడ అర్థం చెత్త. ఈ రెండింటి మధ్యా ఒక ఆడపిల్ల ఉందని తెలిసింది నాకు, ఒక బొటనవేలికి.

ఆ బొటనవేలి మనిషి వెనక వరుసలోంచి లేచింది. "బావూ, నాకో అనుమానం. అసాదారనం అంటే మంచిదా, సెడ్డదా?"

హాలు గొల్లుమంది.

"మంచి ప్రశ్న!" అన్నారు విశ్వంభరం గారు. "మంచీ చెడూ అనేవి మన అభిప్రాయాలమ్మా. సాధారణం కానిదేదైనా అసాధారణమే." అందరూ రాసుకున్నారు. టీ వచ్చింది.

సన్యాసమ్మ టీ తాగకుండా నన్ను సంచిలో వేసుకుని బస్సెక్కింది. దారి పొడవునా ఆవిడ వేళ్లు సంచి మీద నుంచే నన్ను తడుముతూ ఉన్నాయి. నా నోరు ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

మర్నాడు గురువారం. మిట్టమధ్యాహ్నం. సన్యాసమ్మ వెళ్లేసరికి గౌరి వరండాలో జీడిపిక్కలు ఏరుతోంది. మొహం కూడా ఉబ్బింది.

"తల పగిలిపోతంది అప్పా. కళ్ల ముందర మెరుపుల్లాగొస్తన్నాయి."

సన్యాసమ్మ పట్టీ చుట్టింది. లోపల అంకె నూట ఎనభై నాలుగు. దాని కింద అంకె నూట పద్దెనిమిది. నా తీగలన్నీ ఒక్క మాట కోసం వెతికాయి. హరిణి చెప్పిన ఆ రెండు వాక్యాలూ ఎక్కడో మూల మిగిలి ఉంటాయేమోనని చూశాను. లేవు.

"మీ రక్తపోటు... అసాధారణం!"

లోపల్నించి పోలమ్మ గొంతు. "మళ్లీనా! నా బంగారుతల్లి!"

సన్యాసమ్మ ఇక ఎవర్నీ అడగలేదు. "నా మాట ఇనకపోతే ఇనకండి. ఆటో పిలిసీస్తన్నాను," అంటూ సిగ్నల్ కోసం వీధి చివరికి పరుగెత్తింది. పట్టీ గౌరి చేతికే ఉండిపోయింది.

ఆవిడ మలుపు తిరిగే లోపే జీడిపిక్కల చేట బోర్లా పడింది. గౌరి కళ్లు పైకి తిరిగాయి. ఒళ్లు విల్లులా వంగింది. చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది.

పోలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏం చేయాలో తోచలేదు. ఎదురుగా నేనున్నాను. ఇన్నాళ్లూ శుభమే పలికిన నోరు. నా బటన్ నొక్కింది.

"చేయి కదపకండి," అన్నాను.

"కదపకే గౌరీ! సెయ్యి కదపొద్దంటంది!" పోలమ్మ కోడలి చేతి మీద పడి, తన బరువంతా వేసి నేలకు అదిమింది. "ఇంటన్నావేటే! కదపొద్దే తల్లీ!"

"దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

నొక్కింది.

"చేయి కదపకండి. దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

మళ్లీ నొక్కింది. అయిదు సార్లు. ఆరు సార్లు. ప్రతిసారీ నేను మర్యాదగానే చెప్పాను. సన్యాసమ్మ వచ్చి పట్టీ లాగి పారేసి, గౌరిని పక్కకు తిప్పి పడుకోబెట్టేవరకూ ఆ ఇంట్లో మా ఇద్దరి గొంతులే వినిపించాయి.

ఆటో వచ్చింది. వెళ్లింది. నేను జీడిపిక్కల మధ్య నేల మీద ఉండిపోయాను.

మూడో రోజు పొద్దున పోలమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. గౌరి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వాకిట్లో పలకరించిన అప్పయ్యమ్మకు పోలమ్మ చెబుతుంటే విన్నాను. తర్వాత పోలమ్మ వచ్చి నా ఎదురుగా చతికిలబడింది. తిడుతుందనుకున్నాను. నేలకు కొడుతుందనుకున్నాను.

"బాగుందన్నావు కదే," అంది మెల్లగా. "నువ్వే కదే అన్నావు."

ఒక మనిషి ఒక పెట్టెను జవాబు అడిగింది. 

ఏడాది తిరిగింది. 'ఊరి నాడి' మొదటి దశ విజయవంతం అయింది. ఆ విజయంలో గౌరి అంకెలు లేవు, ఎప్పుడో తీసేశారు కదా. విశ్వవిద్యాలయంలో కొత్త ఆరోగ్య కేంద్రం కట్టారు. దాని ముందు హాల్లో, గాజుపెట్టెలో, మొట్టమొదటి యంత్రంగా నన్ను నిలబెట్టారు. సందర్శకులు నొక్కి చూడ్డానికి బటన్ ఒకటి గాజు బయట పెట్టారు.

ప్రారంభోత్సవం రోజు మైకు ముందు రాజ్యలక్ష్మి గారు. "మారుమూల పల్లెలో అసాధారణ సేవలందించిన సన్యాసమ్మ గారిని వేదిక మీదికి..."

శాలువా కోసం నడిచొస్తున్న సన్యాసమ్మ మధ్యలో ఆగిపోయింది. ఆ గొంతు ఆవిడ ఏడాదిగా నిద్రలో కూడా విన్న గొంతు.

"ఆ మిసన్లో మాట్లాడేది మీరేనా అమ్మా?"

"గుర్తుపట్టారే! నేనే!" అన్నారు రాజ్యలక్ష్మి గారు మురిసిపోతూ.

"ఆ మాట సెడ్డమాటని మీకెరికేనా?"

"ఏ మాట?"

సన్యాసమ్మ చెప్పింది. మైకు పక్కనే ఉండటంతో హాలంతా వినిపించింది. గౌరి పేరు, పోలమ్మ మురిపెం, అదిమిపెట్టిన చేయి, అన్నీ చెప్పింది. రాజ్యలక్ష్మి గారి మొహంలో రంగు పోయింది.

"నాకు ఇచ్చిన కాగితం చదివానమ్మా," అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

సన్యాసమ్మ విశ్వంభరం గారి వైపు తిరిగింది. "ఆ మాట మార్పించండి బావూ. ఎక్కువుంది, ఆస్పత్రికెల్లు అనమనండి. సాలు."

"తప్పకుండా పరిశీలిద్దాం," అన్నారాయన. "రెండో దశకి రెండు వేల యంత్రాలు తయారై వెళ్లిపోయాయి. మూడో దశలో చూద్దాం." చప్పట్లు కొట్టించారు. శాలువా కప్పారు. ఫొటో తీశారు. వెనక వరుసలో హరిణి ఉంది, తల దించుకునే.

అందరూ భోజనాలకు వెళ్లాక సన్యాసమ్మ నా దగ్గరికి వచ్చింది. శాలువా చంకలో ముడుచుకుని, గాజులోంచి చాలాసేపు చూసింది. గౌరికి మళ్లీ మూడో నెల అని చెప్పింది. ఎవరికి చెప్పిందో తెలియదు, అక్కడున్నది నేనే. కొత్త యంత్రం ఒకటి వాళ్ల ఊరికీ వచ్చిందని కూడా చెప్పింది.

తర్వాత ఆ బొటనవేలు బటన్ మీద పెట్టి, కాలి ఎముక మీద నొక్కినట్టు గట్టిగా నొక్కింది.

పట్టీలో ఎవరి చేయీ లేదు. గాలి నిండింది, పోయింది. నా దగ్గరున్న నాలుగింటిలో ఏది రావాలో అదే వచ్చింది.

"దయచేసి మళ్లీ ప్రయత్నించండి."