డెలోరిస్ కేస్ షీట్‌లో రాసిన మాట

డెలోరిస్ పార్కర్ చేతుల్లో తడిసిన పక్కబట్టలు ఉండగానే ఆమెను పిలిచారు. నాలుగో అంతస్తు వార్డు గుమ్మంలో నర్సింగ్ డైరెక్టర్ మిసెస్ కీటింగ్ నిలబడి ఉంది. వెనక ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. కీటింగ్ చేతిలో ప్లాస్టిక్ కప్పు.

"పార్కర్, ఇప్పుడే రావాలి."

"ఈయనకి పక్క మార్చి వస్తాను. ఐదు నిమిషాలు."

"ఇప్పుడే అన్నాను."

మంచం మీది మనిషికి ఇరవయ్యారేళ్ళు. ఎయిడ్స్. ఎముకల గూడులా ఉన్నాడు. అతని అన్నం పళ్ళేన్ని కిచెన్ వాళ్ళు గుమ్మం దగ్గరే పెట్టి పారిపోతారు. డెలోరిస్ ఆ పక్కబట్టలు తోటి నర్సు హైమ చేతికిచ్చి, గ్లవ్స్ తీసి, వాళ్ళ వెంట నడిచింది. ఆ రోజు యూరిన్ టెస్టు జాబితాలో రెండో పేరు హైమదే. పక్క మార్చి ఆమె కూడా వెళ్ళింది.

బాత్రూం తలుపు మూయనివ్వలేదు. సెక్యూరిటీ ఆడమనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడి లోపలికే చూస్తోంది. కుళాయి తిప్పకూడదట, నీళ్ళు కలిపేస్తారని. యాభై మూడేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళుగా అదే ఆసుపత్రిలో పనిచేస్తున్న మనిషి, యూనిఫాం పైకెత్తుకుని కూర్చుంది.

"చూడు, బాగా చూడు. మీ అమ్మ వయసు నాది," అంది డెలోరిస్ లోపల్నించి.

ఆ అమ్మాయి తల దించుకుంది. "చూడమని ఆర్డరు, మేడమ్," అంది లోగొంతుకతో.

హైమ గోడవైపు తిరిగి నిలబడింది. వినిపించింది మాత్రం అంతా విన్నది.

అది 1987. జెర్సీ సిటీలోని ఆ ఆసుపత్రిలో యూరిన్ టెస్టులు మొదలై మూడు వారాలైంది. దానికి రెండు నెలల ముందు ముప్ఫై ఒక్కమంది నర్సులు ఒక కాగితం మీద సంతకాలు చేశారు. పద్దెనిమిది మంది రోగులకు ఇద్దరు నర్సులు చాలరు, మూడో మనిషిని వేయండి అని. ఆ కాగితం రాసింది డెలోరిస్. మూడో మనిషి రాలేదు, కప్పులు వచ్చాయి. పేర్లు కంప్యూటర్ తీస్తుందన్నారు. మొదట తీసిన పద్నాలుగు పేర్లలో పదకొండు ఆ కాగితం మీద ఉన్నవే.

"ఆ కంప్యూటర్‌కి మన దస్తూరీ బాగా తెలుసు," అంది లూజ్. మనీలా నుంచి వచ్చిన నర్సు ఆమె. నోరు కాస్త గట్టిది.

డాక్టర్ల పేర్లు ఆ కంప్యూటర్‌లో లేనే లేవు.

హైమ గుంటూరులో నర్సింగ్ చదివి, నాలుగేళ్ళ కిందట వర్క్ వీసా మీద వచ్చింది. వీసా ఆసుపత్రిది. గ్రీన్ కార్డు కాగితాలూ వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. భర్త రామమోహన్, ఎనిమిదేళ్ళ కూతురు ఉషా ఆమె వీసా చాటునే ఆ దేశంలో బతుకుతున్నారు. వచ్చిన కొత్తలో డాక్టర్లు గబగబా చెప్పే ఆర్డర్లు అర్థంకాక బిక్కమొహం వేస్తే, పక్కన నిలబడి మళ్ళీ నెమ్మదిగా చెప్పింది డెలోరిస్. పోయినేడు ఒక ఎయిడ్స్ రోగికి రక్తం తీస్తుంటే సూది హైమ వేలిలో దిగింది. ఆరు నెలలు ఆగితేగానీ ఏ సంగతీ తేలదన్నారు. ఆ ఆరు నెలలూ హైమ కూతుర్ని ముద్దు పెట్టుకోలేదు. ప్రతి పరీక్షకీ డెలోరిస్ తన కార్లో తీసుకెళ్ళింది. ఆఖరి రిపోర్టు వచ్చిన రోజు హైమ కంటే ముందు ఏడ్చింది కూడా ఆమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం హైమ ఆమె ఇంటికి వెళ్ళింది. పెరటి మెట్ల మీద కూర్చుని డెలోరిస్ గంజాయి సిగరెట్టు కాలుస్తోంది. దాచలేదు.

"ఈ వారం నలుగురు పోయారు, హైమా. కళ్ళు మూస్తే నలుగురూ పేరు పెట్టి పిలుస్తున్నారు. సెలవు రోజున ఒకటి తాగుతాను. నిద్ర పడుతుంది. డ్యూటీ ముందు ముట్టుకోను."

"డాక్టర్‌కి చూపించుకోకూడదా?"

"డాక్టర్ నిద్రమాత్రలిస్తాడు. అవి వేసుకుంటే మర్నాడు నా చేతులు నా మాట వినవు."

ఆ చేతుల సంగతి హైమకు తెలుసు. ఎవరికీ దొరకని నరం డెలోరిస్ వేళ్ళకు దొరుకుతుంది.

డెలోరిస్ పరీక్షలో గంజాయి ఉందని ఫలితం వచ్చింది. డెలోరిస్ దేన్నీ దాచుకోలేదు. "శనివారం తాగాను. నా ఇంట్లో, నా మెట్ల మీద. అది ఒంట్లో వారాల తరబడి కనిపిస్తుందని మీకూ తెలుసు. డ్యూటీలో నా చేయి ఎప్పుడైనా వణికిందా? రోగుల్ని అడగండి," అంది. రోగుల్ని ఎవరూ అడగలేదు. హైమను పిలిచారు.

కీటింగ్ గదిలో డాక్టర్ కృష్ణమూర్తి కూడా కూర్చుని ఉన్నాడు. మెడిసిన్ విభాగానికి పెద్ద ఆయన. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అరవైల చివర్లో వచ్చి స్థిరపడ్డవాడు. పార్సిప్పనీలో ఆయన ఇంట్లో ఉగాది పార్టీ జరిగితే డాక్టర్లు బేస్‌మెంట్‌లో విస్కీ గ్లాసులతో ఉంటారు, హైమలాంటి వాళ్ళు వంటింట్లో పులిహోర సర్దుతారు.

"కూర్చో అమ్మా," అన్నాడాయన తెలుగులో. "నువ్వు ఆవిడ ఇంటికి వెళ్తుంటావట కదా. చూసింది చూసినట్టు రాయి. అంతే."

"ఆవిడ చాలా మంచి నర్సు, డాక్టర్ గారూ."

"కాదని ఎవరన్నారు? నీ వీసా రెన్యూవల్ ఈ నెలే కదా? కీటింగ్ సైన్ చేయాలి. ఫ్యామిలీ ఉన్నదానివి. అనవసరంగా ఇందులో ఇరుక్కోకు."

కాగితం ముందే టైపు చేసి ఉంది. 'ఆమె ఇంట్లో గంజాయి తాగడం చూశాను.' అది నిజం. దాని కింద ఇంకో వాక్యం, 'డ్యూటీలో కూడా మత్తులో ఉన్నట్టు అనిపించింది.' అది అబద్ధం. హైమ రెండో వాక్యం మీద వేలు పెట్టి కృష్ణమూర్తి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కీటింగ్ పెన్ను మూత తీసి అందించింది.

హైమ సంతకం చేసింది.

డెలోరిస్‌ను ఆ శుక్రవారమే తీసేశారు. తీవ్రమైన దుష్ప్రవర్తన అని రాశారు కాబట్టి ఇన్సూరెన్సూ పోయింది. లైసెన్సు బోర్డుకి ఉత్తరం వెళ్ళింది. లాకరు ఖాళీ చేస్తుంటే సెక్యూరిటీ వాళ్ళు అటూ ఇటూ నిలబడ్డారు. డెలోరిస్ చివరిసారి వార్డంతా కలయజూసింది. హైమ మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఏడు నెలలు గడిచాయి. ఇంకో తొమ్మిదిమందిని తీసేశారు. వార్డులో పద్దెనిమిది మంది రోగులు ఇరవై ముగ్గురయ్యారు. డెలోరిస్ ఎక్కడో ముసలివాళ్ళకి ఇంట్లో పని చేస్తోందని, బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటోందని లూజ్ చెప్పింది. హైమ మందుల ట్రే తీసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మార్చిలో ఒక ఉదయం స్ట్రెచర్ మీద డెలోరిస్‌ను తీసుకొచ్చారు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఆమె ఇరవై రెండేళ్ళు పక్కలు మార్చిన వార్డులోనే ఆమెకు మంచం వేశారు.

హైమ కేస్ షీట్ తెరిచింది. కృష్ణమూర్తి దస్తూరీ. 'మాదకద్రవ్యాలకు అలవాటుపడిన స్త్రీ.' డెలోరిస్ జీవితం గురించి ఆ ఆసుపత్రి రాసుకున్న మాట అదొక్కటే. కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు ఆ లైను చదివాడు. తలనొప్పితో ఆమె మూలుగుతుంటే, "మత్తు ఇంజెక్షన్ కోసం వేషాలు. ఇవ్వకండి," అని వెళ్ళిపోయాడు.

"వేషాలు కావు, డాక్టర్. ఈవిడ నాకు తెలుసు," అంది హైమ.

"షీట్‌లో ఉంది చూడండి, సిస్టర్."

షీట్‌లో ఉన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో హైమకు తెలుసు.

మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని డెలోరిస్ చేయి రెండు చేతులతో పట్టుకుంది. "ఆ కాగితం మీద సంతకం నాది," అంది. వీసా గురించి చెప్పింది, ఉష గురించి చెప్పింది. క్షమించమంది. ఏడ్చింది. చాలాసేపయ్యాక గాని గుర్తు రాలేదు, తను పట్టుకున్నది స్పర్శ లేని కుడిచేయని. లేచి అటువైపు వెళ్ళి ఎడమచేయి పట్టుకుంది.

డెలోరిస్ ఆ చేయి లాక్కుంది. లాక్కుని, మొహం గోడవైపు తిప్పుకుంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పోయింది. హైమా లూజూ కలిసి ఒళ్ళు తుడిచారు.

ఆ సాయంత్రం ఇంట్లో రామమోహన్‌కి అంతా చెప్పింది. సంతకం అబద్ధమని అందరికీ చెప్పేస్తానంది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు, హైమా."

"డెలోరిస్‌కి తెలుసండీ. చేయి లాక్కుంది."

"ఉష స్కూలో? మనం ఎక్కడికి పోతాం?"

అతను లేచి పాప గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

మర్నాడు లంచ్ టైంలో కాంటీన్‌లో నర్సులు గుమిగూడారు. ఎల్లుండి మళ్ళీ టెస్టులు, ఈసారి నలభైమందికి. ఒకరు లాయర్ని పెడదామన్నారు, ఇంకొకరు పేపర్ వాళ్ళకి రాద్దామన్నారు. "మనకెందుకు, మనం తాగం కదా, కప్పు నింపి ఇచ్చేద్దాం," అంది ఒకామె. హైమ లేచి నిలబడింది.

"నేనూ తాగను. అందుకే భయంలేదనుకున్నాను. డెలోరిస్ మీద సాక్ష్యం సంతకం చేసింది నేను. డ్యూటీలో మత్తులో ఉందని రాసిచ్చాను. అది అబద్ధం."

లూజ్ కుర్చీ వెనక్కి తన్ని లేచింది.

"నీ సూది పోటుకి ఆరు నెలలు తిరిగింది ఆ మనిషి! నిన్న నాతో కలిసి ఆమె ఒళ్ళు తుడిచావే, చేతులెలా వచ్చాయి నీకు?"

"ఎలా వచ్చాయో నాకూ తెలియదు. కొట్టాలనిపిస్తే కొట్టు. కానీ విను. వాళ్ళు కప్పులో చూసేది గంజాయి కాదు, ఎవరు భయపడతారా అని చూస్తున్నారు. నేను భయపడ్డాను. ఆ భయంతోనే డెలోరిస్‌ని పంపేశారు, మనవాళ్ళు తొమ్మిదిమందినీ పంపేశారు. కావాల్సింది ఇంకో నర్సు అని అడిగాం. దాని సంగతి ఎవరైనా మాట్లాడుతున్నారా ఇప్పుడు? ఎల్లుండి నేను కప్పు తీసుకోను. సంతకం అబద్ధమని రాసిస్తాను. వీసా పోతే పోతుంది."

లూజ్ కొట్టలేదు. హైమ వైపు చూడకుండా ఒక కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఏమడగాలని వాదన జరిగింది. టెస్టులు ఆపాలని, మూడో నర్సుని వేయాలని, తీసేసినవాళ్ళని తిరిగి తీసుకోవాలని. వాటన్నిటికీ పైన, డెలోరిస్ పార్కర్ కేస్ షీట్‌లో రాసిన ఆ మాట తప్పని అదే షీట్‌లో రాయాలని.

బుధవారం ఉదయం రాత్రి డ్యూటీ వాళ్ళు వార్డులు అప్పగించేదాకా ఉండి, వెళ్ళిపోకుండా అడ్మినిస్ట్రేషన్ వరండాలో కూర్చున్నారు. ఆ రోజు సెలవున్నవాళ్ళు వాళ్ళతో కలిశారు. ఏ రోగి దగ్గరా నర్సు లేకుండా పోలేదు. ముప్ఫై నాలుగుమంది తేలారు. టెస్టుకి ఒక్కరూ వెళ్ళలేదు.

కృష్ణమూర్తి వచ్చి హైమ ముందు వంగాడు. "ఏమిటమ్మా ఈ పిచ్చి? పోయిన మనిషి షీట్‌లో ఏముంటే ఏం? ఎవరికి నష్టం?"

"తలనొప్పితో చచ్చిపోతుంటే మందివ్వలేదండీ. మీరు రాసిన ముక్క చూసి ఇవ్వలేదు. నేను సంతకం పెట్టానని మీరు రాశారు. నాది నేను తప్పని రాసిచ్చాను. మీదీ మీరు రాయండి."

"నా ఇంట్లో తిన్నదానివి..."

"మీ బేస్‌మెంట్ విస్కీ గ్లాసులు కడిగినదాన్ని కూడా, డాక్టర్ గారూ. మీకెవరైనా కప్పు ఇచ్చారా?"

ఆయన ఎర్రబడి నిటారుగా లేచాడు. కీటింగ్ అందరినీ సస్పెండ్ చేశామని చదివింది. సస్పెండైనవాళ్ళు ఆవరణలో ఉండటం నేరమంది. హైమ వీసా స్పాన్సర్‌షిప్ ఈ రోజుతో ఆగిపోతుందని విడిగా చదివింది. ఎవరూ లేవలేదు.

పదిన్నరకి పోలీసులు వచ్చారు. ముందుగా హైమను లేపారు. చేతులు వెనక్కి విరిచి కట్టి, అత్యవసర ద్వారం ముందునుంచి నడిపించారు. నాలుగో అంతస్తు కిటికీల్లో డ్యూటీలో ఉన్న నర్సులు నిలబడి ఉన్నారు, గౌన్లు వేసుకున్న రోగులు వాళ్ళ భుజాలు ఆసరా చేసుకుని చూస్తున్నారు. కింద రోడ్డు అవతల రామమోహన్ పాపను పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. పాప చేయి ఊపబోతే ఆపలేదు.

వ్యాన్‌లో ఇనుప బల్ల మీద హైమ ఒక్కతే కూర్చుంది. క్షమించమని అడగడానికి ఇప్పుడు డెలోరిస్ లేదు. తల వంచుకుంది.

వ్యాన్ ఒక్కసారి ఊగింది. లూజ్ ఎక్కింది, ఆమె చేతులూ వెనక్కి కట్టి ఉన్నాయి. ఆమె వెనక మెట్ల దగ్గర మిగతా నర్సులు వరసగా నిలబడి ఉన్నారు, ఎవరూ పిలవకుండానే.

"నేను నిన్ను క్షమించలేదు," అంది లూజ్. "కాస్త అటు జరుగు. వెనక చాలామంది ఉన్నారు."