దొంగద్దం

నేను ఒక అద్దాన్ని. మీ ఇంట్లో బీరువా తలుపుకి ఉండే రకం కాదు. నాకు రెండువైపులా మనుషులుంటారు. ఒకవైపు వాళ్ళకి మామూలు అద్దంలా కనిపిస్తాను, బొట్టు సరిచేసుకుంటారు, కాలరు సర్దుకుంటారు. రెండోవైపు వాళ్ళకి కిటికీలా పనికొస్తాను, చీకట్లో కూర్చుని ఇదంతా చూస్తారు. ఇంగ్లీషులో నాకో పొడుగాటి పేరుంది. ఆసుపత్రి అటెండరు తవిటినాయుడు మాత్రం నేను వచ్చిన రోజే నన్ను దొంగద్దం అన్నాడు, అదే ఖాయమైపోయింది. నాకు కోపమేం రాలేదు. చేసే పని అలాంటిది మరి.

పుట్టింది ఎక్కడో గుజరాత్ వైపు, గాజు ఫ్యాక్టరీలో. నా తోటివాళ్ళు కొందరు బట్టల షాపులకి, కొందరు పెళ్ళి హాళ్ళకి వెళ్ళి సుఖపడ్డారు. నా ఒంటికి మాత్రం పూత పూసీ పూయనట్టు పూశారు. ఆ అరకొర పూతే నా తలరాత. గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో బిగించి, లారీలో ఉత్తరాంధ్రలోని ఒక పెద్దాసుపత్రికి పంపారు. అక్కడి మానసిక వైద్య విభాగంలో రెండు గదుల మధ్య గోడకి కన్నం కొట్టి నన్ను నిలబెట్టారు.

నాతో ఒక ఇబ్బంది ఉంది. వెలుతురు గదిలో ఉన్నవాళ్ళకే నేను అద్దాన్ని, చీకటి గదిలో వాళ్ళకే కిటికీని. ఈ ముక్క కరెంటు మేస్త్రికి ఎవరూ చెప్పలేదు. పెద్ద డాక్టర్లు కూర్చునే గది కదా అని మర్యాదకొద్దీ కొత్త ట్యూబ్‌లైట్లన్నీ అటు బిగించి, పేషెంటు గదికి గుడ్డి బల్బు వదిలేశాడు. ప్రారంభం రోజున ప్రొఫెసర్లు నాలో తమ మొహాలే చూసుకుంటూ మిక్చరు తింటుంటే, అవతల కూర్చున్న పేషెంటు వాళ్ళని గంటసేపు శ్రద్ధగా గమనించాడు. బయటికొచ్చి, పాపం ఈళ్ళకి ఎన్నాళ్ళబట్టి ఇలాగుంది బాబూ అని తవిటినాయుణ్ణి అడిగాడట.

లైట్లు మార్చాక నా ఉద్యోగం మొదలైంది. మనసుకి వైద్యం చేస్తానని బోర్డు కట్టేయడం తేలిక, దానికి మేకు, సుత్తి ఉంటే చాలు. చట్టప్రకారం చేయాలంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. డిగ్రీ అయ్యాక పైచదువు, అదయ్యాక గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో మళ్ళీ శిక్షణ. అక్కడ వాళ్ళు పేషెంటుతో మాట్లాడుతుంటే, నా వెనక చీకట్లో పెద్దవాళ్ళు కూర్చుని చూస్తారు. ఆఖరున బయటి ఊరి పరీక్షాధికారి వచ్చి, అలాగే చూసి, సరే అనాలి. అప్పుడు ఢిల్లీలో ఉన్న వృత్తి మండలికి కాగితాలు వెళ్తాయి. వాళ్ళు రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు. ఆ నంబరు వచ్చేదాకా సొంతంగా వైద్యం చేయడానికి లేదు.

అలా నంబరు కోసం వచ్చిన పిల్లల్లో సాహితి ఒకతె. పేరైతే సాహితి, తెలుగు మాత్రం అంతంతమాత్రం. విజయవాడలో ఎల్కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. ఇక్కడికొచ్చి పేషెంట్లతో తెలుగు మాట్లాడాలంటే పుస్తకంలోది అప్పజెప్పేది. గదిలో ఎవరూ లేనప్పుడు నా ముందు నిలబడి, తల ఊపడం, ఊఁ కొట్టడం ప్రాక్టీసు చేసేది. ఒకసారి ఒక ముసలాయన్ని, ‘మీరు ప్రస్తుతం ఎటువంటి అనుభూతి పొందుతున్నారు?’ అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, పింఛనొకటే పొందుతన్నానమ్మా, ఇంకేటీ రానేదు అన్నాడు. నా వెనక చీకట్లో ఝాన్సీ మేడం పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె సాహితికి గురువు, ఆ విభాగానికి పెద్ద.

తర్వాత అప్పలనరసమ్మ వచ్చింది. పలాస వైపు మనిషి, జీడిపప్పు కార్ఖానాలో పీట మీద కూర్చుని పప్పు వొలిచే పని. ఏమిటి బాధ అంటే నీరసం అంది. నిద్ర పడుతోందా అంటే నీరసం. ఆకలి అంటే నీరసమే. సాహితి బుద్ధిగా రక్తపరీక్షకి పంపించింది, ఐరన్ మాత్రలు రాయమని డాక్టరుకి చెప్పింది. రక్తం బంగారంలా ఉంది. అప్పలనరసమ్మ మళ్ళీ వచ్చి, మాత్రలు మింగుతన్నాను గానీ నీరసం తగ్గనేదమ్మా అంది.

ఆమె వెళ్ళాక ఝాన్సీ మేడం చీకటి గదిలోంచి ఇటు వచ్చింది. నీరసమంటే ఏమిటని అడిగావా తల్లీ అంది సాహితితో. అదేం ప్రశ్న మేడం అంది ఈ పిల్ల. ఇక్కడ దిగులుకీ, భయానికీ, కోపానికీ, డాక్టరు దగ్గర చెప్పుకునే పేరు అదొక్కటేనని మేడం వివరించింది. మనసు బాగోలేదంటే పిచ్చంటారని భయం, నీరసమంటే ఎవరూ ఏమీ అనరు. అంచేత నీరసం ఎంత ఉందని కాదు, ఏ పనికి వస్తోందో అడుగు అంది. సాహితి మొహం కందగడ్డయింది. నాకు మాత్రం ఆ పిల్ల మీద అప్పుడే ఇష్టం కలిగింది, ఎందుకంటే సాకులు చెప్పలేదు.

ఆఖరు పరీక్ష దగ్గరపడేసరికి సాహితికి నంబరు మరీ అవసరమైంది. పార్వతీపురం వైపు ఒక ఆసుపత్రిలో కౌన్సెలింగ్ ఉద్యోగం సిద్ధంగా ఉంది, జూన్‌లోగా నంబరు తెచ్చుకుంటే ఆమెదే. వాళ్ళ బాబాయి ఒకరోజు ఫోన్లో, ఆ నంబరు ఎవడడుగుతాడే, అద్దెకి గది చూస్తాను, బోర్డు కట్టెయ్ అన్నాడు. స్పీకరులో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. సాహితి ఒప్పుకోలేదు. వాళ్ళ పెద్దమ్మ ఒకప్పుడు అలాంటి బోర్డు చూసే ఒకాయన దగ్గరికి వెళ్ళిందట. ఆయన ఆమె చెప్పుకున్నదంతా వీధిలో అందరికీ చెప్పేశాడు. పెద్దమ్మ మరి గడప దాటి బయటికి రాలేదు. ‘నంబరుంటే అడిగేవాడుంటాడు బాబాయ్, అందుకే నాకది కావాలి’ అంది.

పరీక్షకి బెంగుళూరు నుంచి మృత్యుంజయరావుగారు వచ్చారు. సాహితి అప్పలనరసమ్మని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. అవతల పెద్ద డాక్టర్లు కూర్చుని చూస్తారు, మీకిష్టమేనా అని ముందే అడిగింది. అప్పలనరసమ్మ నాకేసి చూసి, తన మొహమే కనిపించగా, అలాగేనమ్మా అంది.

సాహితి ఈసారి పుస్తకం మూసేసింది. ఏ పనికొస్తోంది నీరసం అని అడిగింది. వంటకి రాదట, నీళ్ళు మొయ్యడానికి రాదట. కార్ఖానాకి బయల్దేరితే వస్తుందట. కార్ఖానాలో ఎక్కడికెళ్ళాక అని సాహితి మెల్లగా అడిగింది. అప్పలనరసమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, ‘ఆ పీట కాడికెల్తే సాలమ్మా...’ అని మొదలెట్టింది. సాహితి ఊఁ కొట్టలేదు, తల ఊపలేదు, నోరు మూసుకుని విన్నది. ఝాన్సీ మేడం కుర్చీలో ముందుకి జరిగింది. నేనూ జరిగేవాణ్ణే, గోడలో బిగించారు గానీ.

సరిగ్గా అప్పుడు మృత్యుంజయరావుగారి కళ్ళజోడు కింద పడింది. చీకట్లో తడుముకుని తడుముకుని విసుగొచ్చి, ఆయన లేచి స్విచ్చి నొక్కారు.

గది భళ్ళున వెలిగింది. నేను ఇక అద్దాన్ని కాను, ఒట్టి గాజుపలకని. కళ్ళజోడు లేకుండా స్విచ్చి దగ్గర నిలబడ్డ పెద్దమనిషి, ఆ వెనక ఝాన్సీ మేడం, పక్కన మరికొందరు డాక్టర్లు, అందరూ అప్పలనరసమ్మకి ఎదురుగా కనబడ్డారు. ‘ఇందరున్నారేటమ్మా’ అంది ఆమె, చాలా నెమ్మదిగా. మేడం గబగబా లైటు ఆర్పింది. ఆర్పితే మాత్రం ఏముంది, అప్పలనరసమ్మ కొంగు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నీరసంగా ఉందమ్మా అంది మళ్ళీ.

సాహితి నాకేసి చూసింది. చూస్తే తన మొహమే కనబడుతుందని ఆమెకి తెలుసు. పరీక్ష సగంలో ఉంది, అవతల మార్కులు వేసే మనిషి ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడిస్తూ కాలం గడిపేస్తే గట్టెక్కేది. చాలామంది గట్టెక్కడం నేను చూశాను.

‘ముందు మీరు సరేనన్నారు గానీ, అప్పటికి మీకు ఎవరూ కనబడలేదు. ఇప్పుడు చూశారు. వద్దనిపిస్తే వద్దనండి, పరదా వేసేస్తాను’ అంది సాహితి.

‘మరి నీ పరీచ్చ?’

‘అది నేను చూసుకుంటానమ్మా.’

‘అయితే ఏసెయ్’ అంది అప్పలనరసమ్మ.

సెలవుల్లో దుమ్ము పడకుండా వేసే పచ్చ పరదా ఒకటి నాకుంది. సాహితి దాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి లాగి, అవతలి గదికి మాటలు వినిపించే బల్లమీది మైకు ఆపేసింది. నా జన్మలో మొదటిసారి అటువైపు ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. గొణుగుడు లాంటిది వినబడింది. తర్వాత ఎవరో ముక్కు చీదుకున్నారు. ఎవరో కూడా తెలియలేదు.

ఇటువైపు మృత్యుంజయరావుగారు తల పట్టుకుని కూర్చున్నారు. లైటు తప్పు తనదేనని ఒప్పుకున్నారు. కానీ తాను చూడని దానికి మార్కులు ఎలా వెయ్యాలన్నారు. ఆయన అన్నదీ నిజమే. వెయ్యకండి సార్ అంది ఝాన్సీ మేడం. ఆ అనడంలో కోపం లేదు, గర్వం ఉంది.

సాహితి పరీక్ష తప్పింది. పార్వతీపురం ఉద్యోగం వేరేవాళ్ళకి పోయింది. బాబాయి ఫోన్లో తిట్టాడు. ఆ పిల్ల నా ముందు నిలబడి చున్నీతో కళ్ళు తుడుచుకుని, చేసింది తప్పా అని నన్నే అడిగింది. నాకు నోరుంటే కాదని అరిచి చెప్పేవాణ్ణి. ఎదురుగా నిలబడ్డవాళ్ళ మొహం వాళ్ళకి చూపించడం తప్ప ఏమీ చేతకాని బతుకు నాది.

మళ్ళీ పరీక్షలొచ్చాయి, మళ్ళీ మృత్యుంజయరావుగారే వచ్చారు. ఈసారి వేరే పేషెంటుని ఏర్పాటు చేశారు. ఆ ఉదయం అప్పలనరసమ్మ చూపించుకోవడానికి ఆసుపత్రికొచ్చింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది, చేతులకి జీడి మరకలున్నాయి, అంటే పనిలోకి వెళ్తోందన్నమాట. పరదా వేసినందుకు ఆ అమ్మాయి పరీక్ష పోయిందని తవిటినాయుడు ఆమె చెవిన వేశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ ఒక్క రోజు మాత్రం వాడి నోటికి దణ్ణం పెట్టొచ్చు.

ఆమె నేరుగా గదిలోకొచ్చి కుర్చీలో కూర్చుంది. మీరు కూర్చోనక్కర్లేదమ్మా, నాకు వేరే ఏర్పాటుంది అని సాహితి కంగారుపడింది. అప్పలనరసమ్మ లేచి, పరీక్ష మొదలయ్యేదాకా వేసి ఉంచిన పచ్చ పరదా తనే పక్కకి లాగేసి, నా ఎదుట నిలబడింది. నాలో కనబడుతున్న తన మొహాన్ని పట్టించుకోకుండా, నా వెనక ఉన్నవాళ్ళతో మాట్లాడింది.

‘బాబూ, ఓపాలి లైటెయ్యండి. ఎవలెవలున్నారో సూత్తాను.’

చీకటి గదిలో మృత్యుంజయరావుగారే లేచి స్విచ్చి వేశారు. ఆమె ఒక్కొక్కరి మొహం తీరిగ్గా చూసింది. ఆయన రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. ఆమె కూడా పెట్టింది.

‘ఇంక ఆర్పేసుకోండి’ అని వచ్చి కూర్చుంది. ‘అడగమ్మా’ అంది సాహితితో.

సాహితి పాసయింది. ఢిల్లీ నుంచి నంబరూ వచ్చింది. ఆ ఉద్యోగం పోయినా, తర్వాత సాలూరులో ఒక చిన్న గది తీసుకుని, బోర్డుమీద తన పేరుకన్నా నంబరునే లావుగా రాయించుకుందట. ఆ గదిలో అద్దమే పెట్టలేదట, తల దువ్వుకోవడానికైనా. వినగానే మనసు చివుక్కుమంది గానీ, ఆ తర్వాత నవ్వొచ్చింది. ఇక్కడ నా స్థానంలో కెమెరాలు వచ్చాయి. నేను స్టోరురూములో విరిగిన మంచాల పక్కన ఉన్నాను. తవిటినాయుడు రోజూ వచ్చి నా ముందు మీసం దిద్దుకుంటాడు. నా వెనక ఇప్పుడు ఎవరూ లేరు, గోడ ఉంది.

ఇంతకీ ఆ పీట దగ్గర ఏముందో, అప్పలనరసమ్మ ఆ రెండో పరీక్ష రోజున ఏం చెప్పిందో అంటారా? అంతా చెప్పింది. మొదటినుంచి చివరిదాకా నేను విన్నాను. మీకు మాత్రం చెప్పను. నాకు నంబరు ఎవరూ ఇవ్వలేదు, అయినా చెప్పను.