అందుకునే చెయ్యి

స్లాబు పోసిన రోజు సాయంత్రం మాసమ్మ చేతులు మాసమ్మవి కావు. అశోక్ నగర్‌లో పెద్ద బండ్లు పట్టని సందు అది. పొద్దున ఏడింటి నుంచి కాంక్రీటంతా మనుషుల చేతుల మీదుగానే నాలుగో అంతస్తుకు ఎక్కింది. ఇప్పుడు ఇసుక కుప్ప మీద కూలబడి, టీచరమ్మ ఇచ్చిన బొమ్మల అట్టలు ఒళ్లో పెట్టుకుంటే అవి కూడా బరువుగానే తోస్తున్నాయి.

"ఇదేందే మంగా?"

ఆమె ఆరేళ్ల బిడ్డ మంగ అట్ట వంక చూసి, తల దించుకుని ఇసుకలో గీతలు గీసింది.

నిరుడు నారాయణగూడలో పని చేసినప్పుడు అక్కడి బడిలో కంబళి బొమ్మ చూపిస్తే ఈ పిల్ల "గొంగడి" అన్నది. తరగతంతా గొల్లున నవ్వింది. ఆ పూట మూసిన నోరు బడిలో మళ్లీ తెరవలేదు. ఇప్పుడు చిక్కడపల్లి బడిలో వేసి మూడు నెలలైనా అదే తీరు. గుడిసెలో మాత్రం అన్నం, నీళ్లు అని అడుగుతుంది. అంతే.

మొగుడు దాసయ్య కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "ఏమే, ఇంక దాన్ని సతాయించకు. ఎల్లుండి పొద్దుగాల బస్సుకు అమ్మకాడ దింపొస్త. నోరు లేని పోరికి బడెందుకు? మ్యాకలెంబడి తిరిగితే సరిపోతది."

"రేపు టీచరమ్మ అడుగుత అన్నది గద. పది బొమ్మల పేర్లు జెప్తే జాలంట."

"జెప్పకుంటే?"

"జెప్పకుంటే తోల్కపో. నేనేం అడ్డమొస్తనా?"

దాసయ్య ఎదురింటి మేడ వైపు గడ్డం ఎత్తి చూపాడు. కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు పిట్టగోడల పక్కన పుస్తకాలు పట్టుకుని తమలో తామే గొణుక్కుంటూ తిరుగుతున్నారు. "జూడు, గంత సదివినోళ్లే పిచ్చోళ్ల లెక్క తిరుగుతున్నరు. నీ బిడ్డ కలెక్టరయితదా?" అని లోపలికి పోయాడు.

 మాసమ్మకు మళ్లీ బిడ్డను అడిగే ఓపిక లేదు. తీసుకోవే తల్లీ అన్నట్టు ఒక అట్టను బిడ్డ వైపు చాచింది. మంగ చటుక్కున లేచి, కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చాపి అందుకుంది. అందుకుని పక్కకు తిరిగింది, తర్వాతి మనిషి అక్కడ ఉన్నట్టు.

బడి మాని పొద్దంతా ఈ పిల్ల ఇసుక మీద కూర్చుని తట్టలు చేతులు మారే వరస చూసింది మరి. బుగ్గయ్య మేస్త్రి వరసకు ఒక కట్టుబాటు ఉంది. ముందు అవతలి వాళ్ల చేతులు చాపి ఉండాలి. తర్వాత ఇచ్చేవాళ్లు నోటితో ఒక కేక వేయాలి. అప్పుడే తట్ట కదలాలి. ఖాళీ తట్టయినా అట్లాగే కేకతో వెనక్కి రావాలి. చప్పుడు లేకుండా తట్ట ఇస్తే మేస్త్రి ఆడమగ చూడకుండా తిడతాడు. ఒకప్పుడు ఎవరో అట్లాగే ఇస్తే తట్ట పడి ఒకామె పాదం నుజ్జయింది.

మాసమ్మ నడుము పట్టుకుని లేచి బిడ్డ పక్కకు పోయింది. చేతులు చాపింది. "ఊకెనే ఇస్తవా? మేస్త్రి తిట్టడా? దాని పేరు జెప్పి ఇయ్యి."

మంగ అట్ట చూసింది. నీళ్ల మీద ఏదో తేలుతోంది. "పుట్టి" అన్నది. అట్ట ఇచ్చింది.

మాసమ్మ కూడా పుట్టే అనుకుంది. తమ ఊరి దగ్గర కృష్ణ దాటేది దానిలోనే. కింద రాసిన అక్షరాలు ఆమెకు రావు. గడ్డపాయన బొమ్మ వస్తే "బైరాగి" అని తనే చెప్పింది. సీసా బొమ్మకు "దగ్గు మందు" అన్నది మంగ. అట్టలు అయిపోయినా ఆట ఆగలేదు. చెప్పు, పలుగు, సద్ది గిన్నె, అన్నీ పేరు చెప్పించుకుని చేతులు మారాయి. మాసమ్మ భుజాలు మంటెత్తుతున్నా చేతులు దించలేదు.

మర్నాడు మేస్త్రిని గంటసేపు సెలవు అడుక్కుని బిడ్డను బడికి తీసుకుపోయింది. ఉదయశ్రీ టీచరు గొంతు బొంగురుపోయి ఉంది. ఉన్న ఒక్క టీచరుకు రెండు తరగతులు. మాసమ్మ తెచ్చిన అట్టల్లో మొదటిది ఎత్తి చూపింది.

"ఇదేంటి మంగా?"

మంగ పలకలేదు. రెండోది. మూడోది. టీచరు నిట్టూర్చి అట్టలన్నీ బల్ల మీద పెట్టేసింది. "ఏం జెయ్యమంటవు మాసమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ మాసమ్మకు అప్పుడు తట్టింది. "మేడం, ఆ అట్టలు దాని చేతికియ్యున్రి. మీరు చేతులు చాపున్రి. అందుకునేటోళ్లు లేంది అదెట్ల ఇస్తది?"

టీచరుకు అర్థం కాలేదు. అయినా అట్టలు పిల్ల చేతిలో పెట్టి, చేతులు చాపింది. మంగ కాళ్లు ఎడంగా పెట్టింది.

"పుట్టి."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు.  టీచరు చేతిలోని అట్ట చూసి, "పుట్టి అంటే?" అన్నది.

"ఏరు దాటేది మేడం. గుండ్రంగ ఉంటది." అంటుండగానే మాసమ్మకు సంగతి తెలిసిపోయింది. "కాదా? నాకు అచ్చరాలు రావు. తప్పు నాది మేడం, పిల్లది కాదు."

టీచరు మంగ వైపు తిరిగింది. మంగ చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

"ఇంకేం గావాలె బిడ్డా?"

"ఖాళీ తట్ట వాపస్ రావాలె" అన్నది మంగ. అడిగిన దానికి మంగ బదులు చెప్పడం ఆ బడిలో అదే మొదలు.

టీచరు అట్టను మంగ వైపు చాచింది. కేక వేయకుండా ఇవ్వకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది. "ఓడ" అని అట్ట తిరిగి ఇచ్చింది.

"ఓడ" అని అందుకుంది మంగ.

బైరాగి పోయి ఋషి వచ్చాడు. దగ్గు మందు పోయి ఔషధం వచ్చింది. అయిదో అట్టకు వెనక బల్లలోని పిల్ల ఒకతె లేచి వచ్చి టీచరు పక్కన చేతులు చాపి నిలబడింది. కిసుక్కుమన్నది ఆ పిల్లే.

"సోమవారం తొందరగా పంపు" అన్నది టీచరు, మాసమ్మ వైపు చూడకుండానే.

మంగను బడిలోనే వదిలి చిక్కడపల్లి చౌరస్తా దాటుతుంటే ఫోను మోగింది.

"ఏమాయె? మాట్లాడిందా?" దాసయ్య.

"మాట్లాడింది."

"ఏమన్నది?"

"పుట్టి అన్నది. టీచరమ్మకు నేర్పింది."

 "పుట్టిల కృష్ణ దాటినప్పుడు రెండేండ్లది గద," అన్నాడు దాసయ్య. "దాని మనసుల ఇంక ఉన్నదా అది?"

"ఉన్నది. రేపటి బస్సుకు నువ్వొక్కనివే పోయి అత్తను చూసి రా."

పని చోటికి చేరేసరికి ఇటుకలు ఎక్కుతున్నాయి, పైన ఎవరో "అందుకో" అని కేక వేశారు. మాసమ్మ కొంగు బిగించి వరసలోకి పోయి, పట్టు తప్పిన చేతులనే మళ్లీ చాపింది.