ఆఖరి ఇన్నింగ్స్‌కి నేను చెప్పిన పేరు

మిసిసిపి నది పొంగి మా బేస్‌బాల్ మైదానాన్ని ముంచిన మరుసటి ఏడాది ఇది జరిగింది. మా జట్టు ముందున్నప్పుడు ఆఖరి ఇన్నింగ్స్‌లో బంతి విసిరి గెలుపు నిలబెట్టడం నా పని. ఆ ఆగస్టులో నా మోచెయ్యి దెబ్బతింది.

మేనేజర్ హాస్కెల్ నన్ను పక్కకు పిలిచాడు.

"బంతి విసిరే మిగతా కుర్రాళ్ళతో రోజూ కూర్చునేవాడివి నువ్వే. నీ చోట ఎవర్ని నిలబెట్టమంటావురా?"

వాళ్ళలో డెల్మర్‌ని నిలబెట్టాలని నాకు తెలుసు. వాడి బంతి నా బంతికన్నా వేగం. వాడొకసారి అక్కడ నిలబడ్డాడంటే, చెయ్యి బాగయ్యాక కూడా నాకు చోటుండదు.

"లెస్టర్" అన్నాను. వాడికి గురి తక్కువ, వాడివల్ల నా చోటుకి భయం లేదు.

ఆ మధ్యాహ్నం రెండు పరుగులు ముందుండి కూడా ఓడిపోయాం. లెస్టర్ విసిరిన బంతులు అడ్డదిడ్డంగా పోయాయి. "పోయి ఆవుల పాలు పితుక్కోరా!" అని జనం అరిచారు.

అందరూ వెళ్ళాక లెస్టర్ వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

"నా పేరు నువ్వే చెప్పావటగా అన్నా. ఇన్నేళ్ళలో నన్ను నమ్మింది నువ్వొక్కడివే. నీ మాట నిలబెట్టలేకపోయాను" అన్నాడు.

 

మర్నాడు పొద్దున్నే హాస్కెల్ ఇంటికి వెళ్ళాను. ఆయన మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నిన్న మీకు అబద్ధం చెప్పాను. డెల్మర్‌ని నిలబెట్టండి" అన్నాను.

అక్కణ్ణించి లెస్టర్ ఇంటికి నడిచి, వాడికి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను.