శ్రుతి పట్టేవాడు

మిరపకాయల ఘాటు.

ముందు ముక్కుకి తగులుతుంది. తర్వాత గొంతులోకి దిగుతుంది... దిగి, అక్కడే కూర్చుంటుంది.

పెళ్ళిపందిరి పక్కనే కల్లం. ఎకరం మేర ఎర్రగా ఆరబోసిన కాయ. పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, ఫాల్గుణం. గాలి ఇంకా ఇటు తిరగలేదు.

సన్నాయి ఊదుతూనే ఇమాం హుస్సేన్ గాలిని కనిపెడుతున్నాడు.

పదకొండేళ్ళుగా అతనిది ఒక్కటే స్వరం. శ్రుతి. పక్కన జాన్ బాషా పాట వాయిస్తుంటే, కింద ఆ ఒక్క స్వరం తెగకుండా పట్టి ఉంచాలి. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో సన్నగా ఊపిరి తీసుకుంటూ— పెళ్ళి అయ్యేదాకా.

ఇద్దరికీ గురువు జాన్ బాషా తండ్రి, అలీ సాహెబ్. పోయేముందు తేల్చి చెప్పేశాడు.

"నీకు దమ్ముందిరా హుసేనూ. పాట లేదు. పాట మావాడిది."

నిజమే. జాన్ బాషా సాధన చెయ్యడు. పొద్దెక్కిందాకా పడుకుంటాడు. లేచి సన్నాయి నోట పెడితే చాలు— కాయ పగిలి పత్తి విచ్చుకున్నట్టు, పాట తనంతట తనే వస్తుంది.

ఇమాం హుస్సేన్ పగలు దూది ఏకుతాడు. ఏకే విల్లు పట్టిన చేతివేళ్ళు ఆ కర్ర మీదే పాట నడుపుతాయి. తెల్లవారుజామున పత్తిచేల మధ్యకు పోయి ఊదుతాడు. ఊరికి వినపడనంత దూరం.

పదకొండేళ్ళు. ఎవరికీ చెప్పలేదు.

పాట ఉందో, లేదో... చెప్పేవాళ్ళు లేరు.

పురోహితుడి చెయ్యి లేచింది. తాళి కట్టేవేళ తుమ్మూ దగ్గూ ఎవరి చెవినా పడకూడదు. అందుకే గట్టిమేళం.

గాలి తిరిగింది.

జాన్ బాషా గుండెల నిండా ఊపిరి పీల్చాడు— దగ్గు. సన్నాయి పెదవి జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దగ్గు.

మేళమే దగ్గుతోంది!

"కొంప ముంచాడ్రా బాషాగాడు!" డోలు వాయించే బుడే పళ్ళు కొరికాడు. "నువ్వూదరా హుసేనూ, ఊదు!"

ఇమాం హుస్సేన్ తన శ్రుతి సన్నాయి బాషా చేతిలో పడేశాడు. బాషా చేతిలోని పాట సన్నాయి తను లాక్కున్నాడు.

బాషా శ్రుతి పట్టాడు. మూడు ఊపిర్లు. తెగింది. మళ్ళీ పట్టాడు. తెగింది. డోలు హోరులో ఎవరికీ తెలియలేదు.

ఇమాం హుస్సేన్‌కి తెలిసింది. కాళ్ళకింద నేల లేదు.

చెవిలో ఉంది— పదకొండేళ్ళు ఊదిన స్వరం. దానిమీద నిలబడి వాయించాడు.

తాళి పడింది. అక్షింతలు పడ్డాయి. ఒక్క తలా ఇటు తిరగలేదు.

పెళ్ళికూతురి నాయనమ్మ పిచ్చమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కళ్ళకు పొరలు. తడుముకుంటూ జాన్ బాషా తల పట్టుకుంది.

"ఏం వాయించావు నాయనా! మీ అయ్య లేచొచ్చాడనుకున్నా. పుట్టుకతో రావాలయ్యా ఇది... నేర్చుకుంటే వచ్చేదా?"

ఇమాం హుస్సేన్ ఒళ్ళో సన్నాయి ఇంకా వెచ్చగానే ఉంది.

జాన్ బాషా అతని వంక చూశాడు. చెప్పబోయాడు. నోరు తెరిచాడు—

దగ్గు వచ్చింది.

వచ్చిందో... తెచ్చుకున్నాడో.

గాలి అప్పటికే వినుకొండ వైపు మళ్ళిపోయింది.

ఇమాం హుస్సేన్ గొంతులో మాత్రం... మిరపకాయల ఘాటు. దిగి, అక్కడే కూర్చుంది.