ఆ రెండు వార్డులు

"ఆ రెండు వార్డులూ తీసెయ్. సరిపోతుంది."

నేను సింకు దగ్గర మాడిన గిన్నె తోముతున్నాను. మా ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కూరలో కరివేపాకు తీసి పక్కన పెట్టమన్నంత తేలిగ్గా అన్నారా మాట.

"తీసేస్తే లెక్క తప్పుతుందండీ," అన్నాను వెనక్కి తిరగకుండా. వెనక్కి తిరగకపోవడం నాకు అలవాటైపోయింది. మొహం కనిపిస్తే చెంప దొరుకుతుంది.

ఆయన కాలేజీలో పాఠాలు చెబుతూ డాక్టరేటు చేస్తున్నారు. మా ఊరి పెద్దాసుపత్రిలో మందుల చీటీలు మానేసి అన్నిటికీ కంప్యూటరు పెట్టారు. దానివల్ల మందుల పొరపాట్లు తగ్గాయా లేదా అన్నది ఆయన పరిశోధన. తగ్గినట్టు కనిపిస్తే అది నిజంగా తగ్గడమా, గుడ్డిదెబ్బా అని తేల్చడం నేను చదువుకున్న చదువు. "నీకు స్టాటిస్టిక్స్ వచ్చుగా, ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా," అన్నారు మొదట్లో. ఖాళీ! వంట, గిన్నెలు, బట్టలు, అత్తయ్య కాళ్లనొప్పులు, పొద్దున్న పూట నేను పార్ట్‌టైంగా చెప్పే క్లాసులు. వీటి సందుల్లో ఆయన డాక్టరేటు. వార్డు వార్డుకీ తిరిగి, నర్సుల పని మధ్యలో బతిమాలి సమాచారం తెచ్చింది నేను. పట్టికలు కట్టింది నేను. ఫలితం నచ్చకపోతే తిట్లు తినేదీ నేనే.

ఈసారి ఫలితం అస్సలు నచ్చలేదు. మొత్తం పది వార్డులు కలిపి చూస్తే పొరపాట్లు తగ్గాయనడానికి ఆధారం లేదు. పిల్లల వార్డులో, గుండెజబ్బుల వార్డులో పెరిగాయి కూడా. అది గుడ్డిదెబ్బేమోనని నేనూ రకరకాలుగా పరీక్షించి చూశాను. కాదు. పిల్లల వార్డు పెద్ద నర్సు కారణం చెప్పింది: "హడావుడిలో పేషెంటు పేరు మారుస్తామమ్మా, మోతాదు గడిలో మాత్రం ముందువాళ్ల అంకె అలాగే ఉండిపోతుంది. మొన్నొక పసిదానికి పెద్దపిల్లాడి మోతాదు వెళ్లిపోయింది. బతికింది, దాని అదృష్టం." చెబుతూ చెబుతూ ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆ రెండూ ప్రత్యేకమైన వార్డులు, అందుకని వదిలేశాం అని ఒక ముక్క రాస్తే చాలు," అన్నారు మా ఆయన లేచి వస్తూ. "ఈ ఫలితం చూసే మిగతా ఆసుపత్రులన్నిట్లో ఈ కంప్యూటర్లు పెడతారు. నా పేరు మోగిపోతుంది."

"అందుకే తియ్యనండీ. అక్కడా పిల్లలుంటారు."

మామూలుగా అయితే ఇంత మాట అనను. పెళ్లయిన కొత్తలో మొదటి దెబ్బకి నేను ఏడుస్తుంటే అత్తయ్య దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది: "మగాడన్నాక చెయ్యి లేస్తుంది. నీ నోరు లేవకుండా చూసుకో." చూసుకుంటూనే వచ్చాను. అయినా గ్లాసు నుదుటికి తగిలింది, బెల్టు వీపున పడింది, ఒకసారి మెట్లమీంచి తోస్తే చెవిలో హోరు వారాల తరబడి పోలేదు. నోటికీ దెబ్బకీ ఏ సంబంధమూ లేదని లెక్కలు తెలిసిన నాకే ఇంత ఆలస్యంగా తెలిసింది.

జుట్టు పట్టుకుని తలని అల్మారాకేసి కొట్టారు. గిన్నె కిందపడి దొర్లింది. "నా ఇంట్లో తిని నాకే పాఠాలు చెబుతావే!" అంటూ గదిలోకి ఈడ్చి, కంప్యూటరు ముందు కూలేసి, "తియ్యి!" అన్నారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెదవి చిట్లి రక్తం నోట్లోకి వస్తోంది. హాల్లో అత్తయ్య టీవీ సౌండు పెంచింది.

"ఈ చెయ్యేగా పనిచెయ్యనంటోంది?"

నా కుడిచెయ్యి మెలితిప్పి గుమ్మానికి ఆనించి పట్టుకున్నారు. రెండో చేత్తో తలుపు వేశారు. చప్పుడు ముందు వినిపించింది, ఎండుపుల్ల విరిచినట్టు. నొప్పి తర్వాత వచ్చింది. నేను అరిచిన అరుపు నాదని నాకే తెలియలేదు. తలుపు తెరిచి, వేలాడుతున్న వేళ్లు చూసి, మళ్లీ వేశారు.

వేళ్లు నల్లబడి ఉబ్బిపోతుంటే భయపడి ఆసుపత్రికి ఆయనే తీసుకెళ్లారు. దారంతా "తలుపు గాలికి పడిందని చెప్పు" అని వల్లెవేయించారు. ఎమర్జెన్సీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. "ఎలా తగిలింది?" అని నన్నడిగితే ఆయన నవ్వుతూ జవాబిచ్చారు, "గాలికండీ. ఈవిడ పరధ్యానం మనిషి." నవ్వుతూనే నా మెడ వెనక చెయ్యి వేసి గోళ్లు దించారు.

"గాలి లేదండి," అన్నాను. "నా చెయ్యి పట్టుకుని తలుపు సందులో పెట్టి వేశారు. రెండుసార్లు."

డాక్టరమ్మ తలెత్తింది. "మీరు బయటికి వెళ్లండి."

"నేను ఆవిడ భర్తని!"

"అందుకే."

ఆయన కుర్చీని తన్నారు. అది మందుల బల్లకి తగిలి సీసాలు పగిలాయి. సెక్యూరిటీవాళ్లు ఇద్దరు రెక్కలు పట్టుకుని ఈడ్చుకెళుతుంటే, "ఇంటికి రావే, రెండో చెయ్యి సంగతి చూస్తా!" అని వరండా అంతా వినబడేలా అరిచారు. డాక్టరమ్మ పోలీసులకి ఫోన్ చేసింది. నేను ఎడమచేత్తో మా అక్కకి చేశాను. అక్క వచ్చి నా కట్టు చూసింది, మొహం చూసింది. "పద మనింటికి," అంది.

వారం తిరక్కముందే మా ఆయన గైడు, ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు.

"మీవాడు పంపిన ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. అందులో నీ చెయ్యి కూడా ఉందటగా. ఏదో మాటా మాటా వచ్చి వెళ్లిపోయావని కుమిలిపోతున్నాడు."

"ఎన్ని వార్డులున్నాయండీ అందులో?"

కాగితాలు తిప్పిన చప్పుడు. "ఎనిమిది."

"మేం చూసింది పది. మిగతా రెంటిలో పొరపాట్లు పెరిగాయి."

మెత్తగా అన్నారు. "చూడమ్మా, సంసారం వేరు, చదువు వేరు. ఆ కోపం తీసుకొచ్చి దీనిమీద పెట్టకు."

"వేరు కాదండీ. ఆ రెండు వార్డులూ తియ్యనన్నందుకే నా వేళ్లు విరగ్గొట్టారు."

వంటింట్లో అక్క కుళాయి కట్టేసింది.

"మరి..." అన్నారు ప్రొఫెసర్ గారు, "ఇప్పుడు ఏం చేద్దామంటావు?"

"నేను చెయ్యాల్సింది చేశానండీ. నా మెయిల్లో దాచుకున్న పది వార్డుల లెక్కలూ ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి పొద్దున్నే పంపించాను, నా పేరుతో. మీరేం చేస్తారో మీ ఇష్టం. పోలీస్ స్టేషన్లో వాంగ్మూలం ఇవ్వాలి, అక్క చెప్పులేసుకుంటోంది. ఉంటాను."